కారు షెడ్డు మాస్టారు

1970లో వచ్చిన 'ఫైవ్ ఈజీ పీసెస్' సినిమాలో ఒక టోస్టు సీను ఉంది. జాక్ నికల్సన్ రోడ్డు పక్క హోటల్లో కూర్చుని ఆమ్లెట్, కాఫీ, వాటితో పాటు గోధుమ రొట్టె టోస్టు అడుగుతాడు. టోస్టు విడిగా ఇవ్వం, మెనూలో ఉన్నదే తినాలి అంటుంది సర్వరమ్మ. సరే, చికెన్ సాండ్‌విచ్ పట్రా అంటాడు. అందులో వెన్న తీసెయ్, ఆకు తీసెయ్, చివరికి చికెన్ కూడా తీసెయ్, మిగిలిన టోస్టు నాకియ్యి అని వివరంగా చెబుతాడు. దాదాపు చివరిదాకా గొంతు పెంచడు, మర్యాద తప్పడు. బయటికి పొమ్మన్నాక, బల్ల మీదున్న గ్లాసులన్నిటినీ ఒక్క చేత్తో ఊడ్చి అవతల పారేస్తాడు.

ఆ కోపం టోస్టు మీద కాదని చూసేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. సంగీతం వాళ్ళింట్లో పుట్టి, పియానో వదిలేసి, చమురు బావుల దగ్గర కూలి చేసుకుని, జబ్బున పడ్డ తండ్రిని చూడటానికి మనసు ఒప్పకుండానే బయల్దేరినవాడి కోపం అది. సీను మొత్తంలో తండ్రి మాట ఒక్కటి రాదు, పియానో మాట రాదు. వచ్చేదంతా తిండి మాటే.

అది రాసినావిడ కరోల్ ఈస్ట్‌మన్. తెర మీద ఏడ్రియన్ జాయిస్ అనే కలం పేరు వేసుకుంది. చేసినవాడు నికల్సన్. ఇద్దరూ ఒకే బడిలో, ఒకే మాస్టారి దగ్గర దిద్దుకున్నవాళ్ళు. బడి అంటే పెద్ద భవనం అనుకునేరు. హాలీవుడ్‌లో చెరమోయా ఎవెన్యూలో ఒక ఇంటి వెనక ఉన్న కారు షెడ్డు. మాస్టారి పేరు జెఫ్ కోరీ.

మన సినిమా పిచ్చివాళ్ళ ముందు నికల్సన్ పేరెత్తితే లేచి కూర్చుంటారు. 'చైనాటౌన్' రాసిన రాబర్ట్ టౌన్ పేరు, స్క్రిప్టు రాయాలనుకునే కుర్రాళ్ళందరికీ మంత్రం. జేమ్స్ డీన్ ఫొటో గోడకి తగిలించుకున్నవాళ్ళని నేనే చూశాను. వీళ్ళకి పాఠం చెప్పిన జెఫ్ కోరీ ఎవరని అడగండి, తెల్లమొహం వేస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మనిషి గురించి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. 1914 ఆగస్టు 10న బ్రూక్లిన్‌లో పుట్టాడు, అసలు పేరు ఆర్థర్ జ్వెర్లింగ్. ఫీగిన్ నాటక పాఠశాలలో చదివాడు. పిల్లల నాటకాల కంపెనీతో ఊరూరూ తిరిగాడు. 1936లో లెస్లీ హోవర్డ్ వేసిన 'హామ్లెట్'లో చిన్న వేషం దొరికింది. 1940 ప్రాంతంలో హాలీవుడ్ చేరాడు. యుద్ధంలో నౌకాదళం తరఫున 'యార్క్‌టౌన్' విమానవాహక నౌక మీద కెమెరా పట్టాడు. జపాను ఆత్మాహుతి విమానం నౌక మీదికి దూసుకొస్తుంటే కెమెరా వదలకుండా చిత్రీకరించినందుకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. తిరిగొచ్చాక 'ది కిల్లర్స్', 'బ్రూట్ ఫోర్స్' లాంటి సినిమాల్లో చిన్నాపెద్దా వేషాలు వేశాడు. గుబురు కనుబొమలు, లోతైన కళ్ళు, ఎముకలు తేలిన మొహం. హీరో మొహం కాదు గానీ ఒకసారి చూస్తే మర్చిపోయే మొహమూ కాదు. 1949లో 'హోమ్ ఆఫ్ ది బ్రేవ్'లో, యుద్ధంలో కాళ్ళు పడిపోయిన నల్లజాతి సైనికుడికి మనోవైద్యం చేసే డాక్టరుగా వేసిన వేషం చూస్తే, ఇంకో ఐదేళ్ళలో ఈయన ఎక్కడ ఉండేవాడో ఊహించుకోవచ్చు.

ఆ ఐదేళ్ళు ఆయనకి ఇవ్వలేదు.

1951లో అమెరికా ప్రతినిధుల సభ వారి కమ్యూనిస్టు వేట కమిటీ ముందు తోటి నటుడొకడు కోరీ పేరు చెప్పాడు. సెప్టెంబరులో కోరీకి పిలుపొచ్చింది. ఒకప్పుడు పార్టీలో ఉన్నమాట నిజమే గానీ, అప్పటికి ఆయన బయటికొచ్చేసి ఏళ్ళయింది, ఆ రాజకీయాల మీద పెద్ద మోజూ లేదు. కమిటీకి కావలసింది అదేమీ కాదు, మరో రెండు పేర్లు. అవి చెబితే మర్నాడు షూటింగుకి పోవచ్చు. కోరీ చెప్పలేదు. రాజ్యాంగం ఐదో సవరణ అడ్డం పెట్టుకుని నోరు మూసుకున్నాడు. పోనీ పూర్తిగా మూసుకున్నాడా అంటే అదీ లేదు. తనకంటే ముందు సాక్ష్యం చెప్పినవాళ్ళ వాంగ్మూలాల మీద విమర్శ ఒకటి వినిపించాడు! ఉద్యోగం పోయే గదిలో నిలబడి కూడా పక్కవాడి అభినయం బాగాలేదని చెప్పగలిగినవాడు మాస్టారు కాక ఏమవుతాడు?

పన్నెండేళ్ళు ఏ స్టూడియో తలుపూ తెరుచుకోలేదు. వేటుకి ముందు ఆఖరుగా వచ్చిన సినిమాల్లో 'సూపర్‌మ్యాన్ అండ్ ది మోల్ మెన్' ఒకటి. నేల కింది నుంచి వచ్చిన, ఎవరికీ హాని చెయ్యని పొట్టి మనుషుల్ని చూసి ఊరంతా హడలిపోయి కర్రలూ తుపాకులూ పట్టుకు పరిగెడుతుంది. ఆ గుంపుని ఎగదోసే నాయకుడి వేషం కోరీది. అదే ఏడాది అచ్చం అలాంటి గుంపే ఆయన బతుకు మీదికొచ్చింది. ఇంతకన్నా వ్యాఖ్యానం నాకు చేతకాదు.

ఇల్లు గడవాలి. భార్య, ముగ్గురు ఆడపిల్లలు. గోతులు తవ్వే కూలి పని చేశాడు. మాజీ సైనికుల చదువు పథకం కింద యూనివర్సిటీలో చేరి, మాట తడబడేవాళ్ళకి చేసే వాక్చికిత్స చదివాడు. ఈలోగా కొందరు నటులొచ్చి మాకు పాఠం చెప్పండి మాస్టారూ అన్నారు. షెడ్డులో స్థలం ఉంది. అంతే, బడి మొదలైంది.

ఎవరెవరు వచ్చారో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కొన్నాళ్ళు జేమ్స్ డీన్ వచ్చాడు. ఆంథొనీ పెర్కిన్స్, డీన్ స్టాక్‌వెల్, జేమ్స్ కోబర్న్, రాబర్ట్ బ్లేక్, శాలీ కెల్లర్‌మన్, రిచర్డ్ చేంబర్లెయిన్ వచ్చారు. 'స్టార్ ట్రెక్' స్పాక్‌గా లోకమంతా ఎరిగిన లెనర్డ్ నిమోయ్ వచ్చాడు. ఎం.జి.ఎం. కార్టూన్ విభాగంలో ఉత్తరాలు మోసే ఆఫీసు కుర్రాడొకడు వచ్చాడు, పేరు నికల్సన్. సినిమాలు తీసేవాళ్ళూ వచ్చారు. రోజర్ కోర్మన్ చదివింది ఇంజనీరింగు. కెమెరా, ఖర్చు, షెడ్యూలు అన్నీ తెలుసు, నటుల భాష తెలియదు. దాన్ని నేర్చుకోవడానికి షెడ్డులో కూర్చున్నాడు, అక్కడే నికల్సన్ కంటబడ్డాడు. నికల్సన్ మొదటి సినిమా 'ది క్రై బేబీ కిల్లర్' 1958లో ఆ పరిచయం నుంచి పుట్టిందే. తరవాత 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' తీసిన అర్విన్ కెర్ష్‌నర్ కూడా ఈ బడి వాడే.

ఇక స్టూడియోల సిగ్గుమాలినతనం వినండి. కోరీని వేషానికి పిలవడం నేరం. కానీ తమ జీతగాళ్ళయిన నటులకి పాఠం చెప్పించడానికి అవే స్టూడియోలు డబ్బిచ్చి ఆయన దగ్గరికే పంపేవి. ముందు గుమ్మంలో వెలివెయ్యడం, దొడ్డి గుమ్మంలో దక్షిణ పెట్టడం!

సరే, ఏం చెప్పేవాడు? ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చుందాం, అసలు విద్య ఇదే.

ఒక సీను ఇచ్చేవాడు. అందులో మాటలు ఒక సంగతి గురించి ఉంటాయి. నటులకి మాత్రం ఆ మాటలతో ఏ సంబంధమూ లేని, చాలాసార్లు వాటికి పూర్తిగా ఎదురైన, ఇంకో పరిస్థితి చెప్పేవాడు. మాటలు మార్చకూడదు, అసలు పరిస్థితి బయటపెట్టే డైలాగు కొత్తగా కలపకూడదు. ఆ మాటల్నే పలుకుతూ, చేతుల్తో చేసే చిన్న పనుల్తో, చూపుతో, ఆగే చోటుతో, అసలు పరిస్థితి చూసేవాళ్ళకి అందించాలి. మాట పైన నడుస్తుంది, బతుకు అడుగున నడుస్తుంది. నికల్సన్ ఇలాంటి అభ్యాసాలు చేస్తుంటే చూసి తాను రాయడం నేర్చుకున్నానని టౌన్ తరవాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఆడపిల్లని వలలో వేసుకునే సీను అనుకోండి, నికల్సన్ నోటి వెంట ఆ మాట తప్ప ప్రపంచంలోని సంగతులన్నీ వచ్చేవట.

మనకి తెలిసినట్టుగా నా సొంత ఉదాహరణ ఒకటి చెబుతాను. డైలాగులు నాలుగే.

"కాఫీ తాగుతారా?"

"చక్కెర తక్కువ వెయ్యి."

"ఆరిపోతోంది."

"పర్లేదులే."

మొదటి జంట చెవిలో మాస్టారు ఇలా వేశాడనుకుందాం: ఆయన ఉద్యోగం నిన్న ఊడిపోయింది, ఆవిడకి ఇంకా చెప్పలేదు. రెండో జంటకి: ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోవడానికి పెట్టె సర్దేసింది, అది తలుపు వెనక ఉంది, ఆయన దాన్ని చూశాడు, చూసినట్టు ఆవిడకి తెలియదు. మూడో జంటకి: పెళ్ళయి వారమైంది, పక్క గదిలో అత్తగారు మెలకువగా ఉంది. ఇప్పుడు చేయించండి. కొత్తగా వచ్చినవాడు వెంటనే "పర్లేదులే" అన్న మాట మీద పడతాడు. గొంతులో జీర పెడతాడు, కళ్ళు తడి చేసుకుంటాడు, తలుపు వైపు ముమ్మారు చూస్తాడు. చూడండి బాబూ, నేను దుఃఖంలో ఉన్నాను అని మనకి టముకు వేస్తాడు. అది తప్పు. భార్యకి తెలియకూడదని కదా వాడి తాపత్రయం? దాచుకోవాలన్న మనిషి దుఃఖాన్ని ఎందుకు ప్రదర్శిస్తాడు?

పని తెలిసినవాడు దాచడం మీద దృష్టి పెడతాడు. ఉద్యోగం పోయినవాడు మామూలుగా ఆఫీసుకి తయారయ్యేవాడిలా చొక్కా కఫ్ బొత్తాం పెట్టుకుంటాడు. ఆ బొత్తాం ఎంతకీ దూరదు. చక్కెర తక్కువ వెయ్యమన్నవాడే, చెంచాతో కప్పులో అవసరానికి మించి రెండు తిప్పులు తిప్పుతాడు. ఆవిడ చెయ్యి సాయానికొస్తే మణికట్టు వెనక్కి లాక్కుంటాడు, మళ్ళీ తనే నవ్వుతాడు. రెండో జంటలో "ఆరిపోతోంది" అన్నప్పుడు ఆవిడ మాట కప్పు మీదే ఉంటుంది, ఆయన మాత్రం ఒక్క క్షణం ఆలస్యంగా జవాబిస్తాడు. మూడో జంటలో అదే మాట గుసగుసగా వస్తే గదంతా సిగ్గుతో నిండిపోతుంది. నాలుగు డైలాగుల్లో ఒక్క అక్షరం మారలేదు, మూడు కాపురాలు కనబడ్డాయి. చారులో ఇంగువ కంటికి కనబడాలని ఎవరైనా అడుగుతారా?

ఇది రంగస్థలానికన్నా కెమెరాకి పదింతలు పనికొచ్చే విద్య. స్టేజీ మీద వెనక వరసవాడికి వినబడాలి, కనబడాలి, కాబట్టి భావాన్ని కొంచెం ముందుకి తోస్తాం. క్లోజప్పులో మొహం ఇంటి గోడంత అవుతుంది, అక్కడ తోస్తే వెగటు పుడుతుంది. అక్కడ కావలసింది, ఒకటి చెబుతూ ఇంకోటి తలుచుకుంటున్న కన్ను. కోరీకి నాటకమూ తెలుసు, సినిమా తెరా తెలుసు, గొంతు ఎక్కడ బిగుసుకుపోతుందో వాక్చికిత్స చదువు వల్ల అదీ తెలుసు. ఈ మూడూ ఒకే మనిషిలో ఉన్న మాస్టార్లు ఆ రోజుల్లో ఎందరున్నారు?

శిష్యులతో గొడవలు పడలేదా అంటే, పడ్డాడు. నికల్సన్‌ని ఒకసారి నీ నటనలో కవిత్వం లేదని కోప్పడ్డాడట. నేను చూపిస్తున్న కవిత్వం మీకు కనబడటం లేదేమో అని ఆ కుర్రాడు ఎదురు చెప్పాడట. ఈ కథ అమెరికాలో నికల్సన్ తెగువకి నిదర్శనంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం మాస్టారి గొప్పే కనబడుతుంది. అలాంటి జవాబు చెప్పిన కుర్రాడు ఆ తరవాత కూడా అదే బడికి వెళ్ళాడు, బతుకుని కళాకారుడి కంటితో చూడటం అక్కడే పట్టుబడిందని పేరొచ్చాక కూడా చెప్పుకున్నాడు.

రచయితల మీద ఆ చదువు ఎలా పనిచేసిందో చూడాలంటే 'చైనాటౌన్'లో భోజనం సీను చూడండి. 1974 సినిమా, ఆ స్క్రీన్‌ప్లేకి టౌన్ ఆస్కార్ పట్టుకెళ్ళాడు. జాన్ హ్యూస్టన్ వేసిన నోవా క్రాస్, డిటెక్టివ్ నికల్సన్‌కి తలతో సహా వండిన చేప పెట్టించి, పేరు ప్రతిసారీ తప్పుగా పలుకుతూ, మంచి మాటలు మాట్లాడుతూ, మధ్యలో నా కూతురితో పడుకుంటున్నావా అని అడుగుతాడు. ఆ తండ్రికీ ఆ కూతురికీ మధ్య ఉన్న దారుణం మనకి అప్పటికి తెలియదు. రెండోసారి చూసినప్పుడు ఆ చేప కంటిని చూడలేం. టోస్టు, చేప, ఇంకాసేపట్లో చెప్పబోయే కోడి... ఈ బడి వాళ్ళకి అన్నం దగ్గరే అసలు నటన పుడుతుందేమో అని నాకో అనుమానం.

1960ల మొదట్లో వేటు సడలింది. పాటగాడు పాట్ బూన్ కూడా ఆయన శిష్యుడే. 1963లో 'ది ఎల్లో కెనరీ' సినిమాకి మా మాస్టారు కావాలని పట్టుబట్టాడు. అదే ఏడాది 'ది బాల్కనీ'లో కోరీ నిమోయ్‌తో కలిసి నటించాడు. అక్కణ్ణించి చేసినవి చూస్తే, పన్నెండేళ్ళు ఇంట్లో కూర్చోబెట్టినవాళ్ళ మీద ఎంత కసి పుడుతుందో చెప్పలేను.

1966లో జాన్ ఫ్రాంకెన్‌హైమర్ తీసిన 'సెకండ్స్' ఉంది. జీవితం మీద విసుగెత్తిన ఒక బ్యాంకు ఉద్యోగి, చచ్చినట్టు నాటకమాడించి కొత్త మొహం, కొత్త పేరు ఇచ్చే ఒక రహస్య కంపెనీకి వెళతాడు. కోరీ ఆ కంపెనీలో మిస్టర్ రూబీ. నీ చావుకి ఏ పద్ధతి బాగుంటుంది, శవం ఎలా తెస్తాం, ఖర్చెంత అన్నవి వివరించడం ఆయన పని. వచ్చినవాడి కోసం తెచ్చిన కోడి కూర ముందుంటే, వాడు ముట్టడం లేదని మిస్టర్ రూబీ తనే లాగించేస్తాడు. చావు గురించి చెబుతూ ఎముక చీకుతాడు. ఏ మాటా బెదిరింపులా పలకడు, చక్కగా మర్యాదగా, భోంచేస్తున్నవాడి తృప్తితో పలుకుతాడు. మనకి వెన్నులో చలి పుడుతుంది. షెడ్డులో పిల్లలకి చెప్పిన పాఠమే అది, మాస్టారు తన చేత్తో రాసి చూపించాడు. ఆ సినిమాలో కోరీతో పాటు జాన్ రాండాల్ఫ్, విల్ గీర్ కూడా ఉన్నారు. ముగ్గురూ నల్లజాబితా బాధితులే. కొత్త మొహం, కొత్త పేరు అమ్మే కథలో ఆ ముగ్గురినీ కూర్చోబెట్టిన ఫ్రాంకెన్‌హైమర్‌కి దండం పెట్టాలి.

1969లో 'బుచ్ కాసిడీ అండ్ ది సన్‌డాన్స్ కిడ్'లో ముసలి షెరీఫ్ బ్లెడ్సో వేశాడు. ఉన్నది ఒక్కటే సీను అనదగ్గ వేషం. దొంగలిద్దరూ రాత్రిపూట వచ్చి, మమ్మల్ని సైన్యంలో చేర్పించు, క్షమాభిక్ష ఇప్పించు అని అడుగుతారు. ఆయనకి వాళ్ళంటే ప్రాణం. తన ఉద్యోగం కూడా ప్రాణమే. కాబట్టి వాళ్ళు వచ్చి బెదిరించారని లోకానికి కనబడేలా, తనని కుర్చీకి కట్టెయ్యమంటాడు. వాళ్ళు తాళ్ళు బిగిస్తుంటే, మీ కాలం అయిపోయింది, నెత్తురు కక్కి చస్తారు, ఎక్కడ చావాలో మాత్రమే మీరు ఎంచుకోగలరు అని తిడతాడు. నోట్లో గుడ్డ కుక్కించుకోబోయే మనిషి, కడుపులో ఉన్న ప్రేమనంతా తిట్ల రూపంలో తోడి పోస్తాడు. ఆ సినిమాలో పాల్ న్యూమన్, రాబర్ట్ రెడ్‌ఫర్డ్ ఇద్దరూ చంద్రుళ్ళలా ఉంటారు. ఆ రెండు మూడు నిమిషాలు మాత్రం వాళ్ళని ఎవరు చూస్తారండీ?

అదే ఏడాది 'ట్రూ గ్రిట్'లో విలన్ టామ్ చేనీ. తండ్రిని చంపినవాణ్ణి వెతుక్కుంటూ వచ్చిన పిల్ల తుపాకీ పేలిస్తే, నొప్పికన్నా అవమానమే ఎక్కువైనట్టు, అన్నీ నా నెత్తినే వచ్చిపడతాయి అని సణుగుతాడు. హంతకుణ్ణి చూసి నవ్వొస్తుంది, నవ్వినందుకు మనకే భయమేస్తుంది. ఆ సినిమా హీరో జాన్ వేన్, వేట రోజుల్లో హాలీవుడ్ కమ్యూనిస్టు వ్యతిరేక సంఘానికి అధ్యక్షుడు. వేన్‌కి ఆ సినిమాతో ఆస్కార్ వచ్చింది. కోరీకి జీవితంలో ఒక్క నామినేషన్ కూడా రాలేదు.

టీవీ 'స్టార్ ట్రెక్'లో 1969లో వచ్చిన 'ది క్లౌడ్ మైండర్స్' భాగంలో మేఘాల మీది నగరాన్ని ఏలే ప్లాసస్‌గా శిష్యుడు నిమోయ్ ఎదురుగా నిలబడ్డాడు. 'ఇన్ కోల్డ్ బ్లడ్'లో ఉరికంబమెక్కే హంతకుడికి తండ్రిగా వేశాడు, రెండో హంతకుడు శిష్యుడు రాబర్ట్ బ్లేక్. 'లిటిల్ బిగ్ మ్యాన్'లో వైల్డ్ బిల్ హికాక్. 'నైట్ గ్యాలరీ' లాంటి టీవీ కథలకి దర్శకత్వం కూడా చేశాడు. వేషాలు తిరిగొచ్చాయని పాఠాలు మానలేదు. నార్త్‌రిడ్జ్‌లోని కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో నాటకశాఖ ప్రొఫెసరుగానూ చెప్పాడు. 2002 ఆగస్టులో, 88వ ఏట, శాంటా మోనికాలో పోయాడు.

ఇంత చేసినా, అమెరికా నటన అనగానే అందరూ న్యూయార్క్ వైపు తిరిగి దండం పెడతారు. యాక్టర్స్ స్టూడియో, లీ స్ట్రాస్‌బర్గ్, మెథడ్! పాచినో లాంటివాణ్ణి చూపించి నోరు మూయిస్తారు. స్ట్రాస్‌బర్గ్ చిన్నవాడని నేననను. 'గాడ్‌ఫాదర్' రెండో భాగంలో హైమన్ రోత్‌గా ఆయన చేసినది చూసి ఎవరంటారు? కానీ నాకు ఆ మెథడ్ వాళ్ళ భావస్మృతి వ్యవహారం మీద ఎప్పుడూ నమ్మకం కుదరలేదు. పాత్ర ఏడవాలంటే మీ చచ్చిపోయిన అమ్మమ్మని తలుచుకో అనడమేమిటి? ఆవిడ కన్నీళ్ళు ఈ కథలోకి ఎందుకు తేవాలి? నటి స్టెల్లా ఆడ్లర్ 1934లో పారిస్ వెళ్ళి, ఆ మెథడ్‌కి మూలమైన స్టానిస్లావ్‌స్కీనే కలిసి వచ్చి, పాత జ్ఞాపకాల కన్నా పాత్ర ఉన్న పరిస్థితీ, నటుడి ఊహా ముఖ్యమని తోటివాళ్ళకి చెప్పింది. కోరీ చేసింది సరిగ్గా ఆ పరిస్థితిని పట్టుకోవడమే, పట్టుకుని తలకిందులు చెయ్యడమే. నేను ఆడ్లర్ పక్షం, కోరీ పక్షం. మొహమాటం ఏమీ లేదు.

ఇంకో మాట కూడా అనేస్తాను. యాక్టర్స్ స్టూడియో పెట్టినవాళ్ళలో ఒకడైన ఎలియా కజాన్ 1952లో అదే కమిటీ ముందు పేర్లు చెప్పాడు, సినిమాలు తీసుకున్నాడు, 1999లో గౌరవ ఆస్కార్ అందుకున్నాడు. సభలో కొందరు చప్పట్లు కొట్టకుండా కూర్చున్నారు. కజాన్ గొప్ప దర్శకుడు, కాదనేవాడు మూర్ఖుడు. అయితే ఆ వెలుగులో, పశ్చిమ తీరాన పేర్లు చెప్పనివాళ్ళు నడిపిన బళ్ళన్నీ కనబడకుండా పోయాయి. కోరీ పనిచేసిన హాలీవుడ్ యాక్టర్స్ ల్యాబ్‌కి ఏం జరిగింది? మార్లిన్ మన్రో 1947లో పాఠాలు విన్న చోటు అది. ఎర్రజెండా బడి అని ముద్ర వేసి 1950 నాటికి మూతపడేలా చేశారు. దాని పేరు ఎంతమంది తలుస్తున్నారు?

చివరికి ఆయన విద్యకి ఇప్పుడు పట్టిన గతి. లాస్ ఏంజెలెస్‌లో నటన నేర్పుతామనే బోర్డులకి కొదవలేదు, సరుకే మారిపోయింది. ఆడిషన్ గట్టెక్కే చిట్కాలు, ఫోనులో టేపు తీసుకుని పంపే మెళకువలు, శని ఆదివారాల్లో కన్నీళ్ళు తెప్పించే శిబిరం. పాత్ర కోసం ముప్ఫై కిలోలు తగ్గాడు, ఆర్నెల్లు స్నానం చెయ్యలేదు, సెట్లో అందర్నీ బూతులు తిట్టాడు అని ప్రచారం చేసి, దాన్నే గొప్ప సాధనగా అమ్మేస్తున్నారు. ఎదుటివాడి నిద్ర పాడుచేస్తే నటన వచ్చేస్తుందా? కోరీ శిష్యులకి కావలసింది ఒక షెడ్డు, నాలుగు డైలాగులు, చెవిలో ఒక రహస్యం. కన్నీళ్ళు రావడం కాదు, వస్తున్నవాటిని ఆపుకోవడం అక్కడ పరీక్ష.

మన హైదరాబాదులోనూ ఈ జాడ్యం తక్కువేం లేదు. కృష్ణానగర్ చుట్టుపక్కల ఒక శిక్షణాలయంలో తెలిసిన కుర్రాడు ఫీజు కట్టి చేరితే, మొదటి రోజు నుంచీ పేరున్న హీరోల డైలాగులు గట్టిగా అప్పజెప్పించారు. మాట వెనక ఏముందని అడిగితే, ముందు ఊపిరి పట్టి పేజీడు డైలాగు చెప్పు అన్నారట. చిరంజీవికి, రాజేంద్రప్రసాద్‌కి, ఇంకా ఎందరికో పాఠం చెప్పిన దేవదాస్ కనకాల గారు పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకుని వచ్చి, వేషాలు వేస్తూనే బతుకంతా పిల్లలకి చెప్పారు. అలాంటి మాస్టార్లు తిరిగిన నేల మీద ఊపిరి పరీక్షలేమిటి? డైలాగు డెలివరీ మోజు మనకి పద్యనాటకాల నుంచి వచ్చిన ఆస్తే, నాకూ దాని మీద ప్రేమ ఉంది. దానితో సరిపెట్టుకుంటామంటేనే పేచీ.

కోరీ తన పాఠాలనీ బతుకునీ కూతురు ఎమిలీతో కలిసి రాసుకున్న పుస్తకం 'ఇంప్రొవైజింగ్ అవుట్ లౌడ్' 2017లో, ఆయన పోయిన పదిహేనేళ్ళకి, కెంటకీ యూనివర్సిటీ ప్రెస్ తరఫున వచ్చింది. తెలుగులోకి ఎవరైనా తెస్తే బాగుండు. నటన బళ్ళు నడిపేవాళ్ళకి నా విన్నపం ఒకటే: ఈ వారం డైలాగు అప్పజెప్పించడం పక్కనపెట్టి 'బుచ్ కాసిడీ'లో బ్లెడ్సో సీను పిల్లలకి వెయ్యండి. ముందు శబ్దం ఆపేసి చూపించి, ఈ ముసలాయనకి వాళ్ళిద్దరూ ఏమవుతారో రాయమనండి. తరవాత శబ్దం పెట్టండి. ఆ తిట్లు విన్నాక, ముందు రాసినదాంట్లో ఏదైనా కొట్టెయ్యాలనిపించిందేమో అడగండి.